వెనక్కి రాని తేరు

తేరుదిన్నె ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చే భక్తులకు ముందుగా ఒక మనవి. ఇక్కడ కొబ్బరికాయ కొట్టే రాయి కోసం వెతకవద్దు, లేదు. పూలదండ తెస్తే పూజారి కాదనడు గానీ స్వామి ఎదురుచూసేది దానికోసం కాదు. జ్యేష్ఠమాసంలో ఆఖరి శనివారం నాడు ఈ దారిన వచ్చే బస్సులు చూస్తే సంగతి మీకే తెలుస్తుంది. ఆడా మగా, చిన్నా పెద్దా, తలా ఒక ముళ్ల కంప పట్టుకొని ఎక్కుతారు. తుమ్మకంపో రేగుకంపో, ఏది దొరికితే అది. కండక్టర్లు ఆ ఒక్కరోజు నోరెత్తకుండా టికెట్లు కొడతారు. కొత్తగా వచ్చిన కండక్టరైతే కాసేపు అరిచి, చొక్కా చినిగాక ఊరుకుంటాడు.

రోడ్డు దిగి ఊరు దాటి పడమరకు నడిస్తే ముందు కానుగచెట్ల నీడ తగులుతుంది. ఎండాకాలంలో ఈ సీమ నేల మీద అంత పచ్చదనం చూసి కళ్లు నమ్మవు. చెట్లలోంచి బయటికి వస్తే ఒక ఇసుక దిన్నె, దాని మీద నాలుగు రాతి స్తంభాల మండపం, అందులో స్వామి. దిన్నె అవతల ఏరు. నీళ్లు ఏడాదిలో ఎప్పుడో వస్తాయి, మిగతా కాలమంతా కనుచూపు మేర ఇసుకే. స్వామి ముఖం ఆ ఏటి వైపు ఉంటుంది. ఊరికి వీపు చూపించే దేవుడు ఎక్కడైనా ఉంటాడా అని కొత్తవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆయన అలిగి తిరగలేదు. కాపలాకు నిలబడ్డవాడు శత్రువు వచ్చే దిక్కుకే చూస్తాడు.

ఈ దిన్నె లోపల ఒక తేరు చక్రాలు ఉన్నాయని పెద్దలు చెబుతారు. ఎవరూ తవ్వి చూడలేదు, చూడరు కూడా. ఆ తేరు వల్లే ఊరికి తేరుదిన్నె అని పేరు వచ్చింది. ఆ కథ మా తాతలు వాళ్ల తాతల దగ్గర విన్నట్టుగానే ఇక్కడ రాస్తున్నాం.

పూర్వం ఇక్కడ ఉన్న ఊరి పేరు కానుగలపాడు. పేరుకు తగ్గట్టు ఏటి గట్టు పొడవునా కానుగలు, వాటి మధ్య నల్లతుమ్మలు, వేపలు ఒకదానినొకటి ఒరుసుకొని ఉండేవి. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. చైత్రంలో కానుగపూత రాలి బాటలన్నీ తెల్లబడేవి. ఆడవాళ్లు పొద్దున్నే వెళ్లి కాయలు ఏరి, గింజలు గానుగాడించి, మొదటి గిన్నె నూనె స్వామి దీపానికి ఇచ్చి మిగతాది ఇంటికి తెచ్చుకునేవాళ్లు. మధ్యాహ్నం గొర్రెలూ మేకలూ ఆ నీడన పడుకునేవి, కాపరులు వాటికంటే ముందే పడుకునేవాళ్లు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఈ ఊరి ముసలివాళ్ల గొంతు మెత్తబడుతుంది. చూసినవాళ్లు ఎవరూ లేరు, విన్నవాళ్లే ఉన్నారు, అయినా మెత్తబడుతుంది.

ఆ ఊళ్లో కంబగిరాచారి అని వడ్రంగి ఉండేవాడు. నాగలి చేసినా, ఊయల చేసినా, చూసినవాళ్లు మరోసారి చేత్తో తడిమి చూసే పనితనం ఆయనది. మనిషి మంచివాడు, కాస్త రోషగాడు. ఆయన భార్య ఓబుళమ్మది మాట చురుకు. ఆచారి రోషం ఎంత దూరం పోవాలో ఎక్కడ ఆగాలో ఆమె నిర్ణయించేది.

కానుగలపాడు స్వామికి అన్నీ ఉన్నాయి, తేరు లేదు. ఏటికి ఎగువన ఉన్న ఊళ్లో పెద్ద తేరు ఉండేది. ఏటేటా అక్కడ తిరునాళ్లు, కానుగలపాడు వాళ్లు పోయి మోకు పట్టి లాగి వచ్చేవాళ్లు. ఒక ఏడు తేరు లాగి చెమట తుడుచుకుంటుంటే ఆ ఊరి పెద్దమనిషి ఒకాయన నవ్వుతూ అన్నాడు. "మీ సామికి పాపం కాళ్లే గతి. లంక దాకా ఎగిరినోడు, మీ ఊళ్లో నడుచుకుంటా పోతాండాడు."

అందరూ నవ్వారు. కంబగిరాచారికి మాత్రం తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చొని, ముద్ద నోట్లో పెట్టుకోకుండానే లేచాడు.

"ఏమయ్యా, కూడు మీద అలిగినావా?" అంది ఓబుళమ్మ.

"మన సామికి తేరు చేస్తా. అంతదాకా ఆ ఊరి మోకు ముట్టను."

"చెయ్యి. ముందు ఈ ముద్ద తిను. కడుపు కాలితే బాడిస ఎత్తలేవు."

ఊరిపెద్ద నారపరెడ్డి దగ్గరికి ఆచారే వెళ్లాడు. ఆ తర్వాత ప్రతి ఇంటి గడపా ఆయనే తొక్కాడు. తేరు అనగానే ఊరు ఊరంతా పొంగిపోయింది. చక్రాలకు నల్లతుమ్మ కావాలి, పైకి వేప కావాలి. గట్టు మీద కావలసినంత ఉంది. దేవుడి మాను దేవుడికే గదా అనుకున్నారు. మొదట కొట్టినవి కొన్ని చెట్లే. కానీ కొట్టిన మొద్దును బయటికి ఈడవాలంటే అడ్డం ఉన్న చెట్టు కొట్టాలి. తేరు చేసినాక దానికి కొట్టం కావాలి, కొట్టానికి వాసాలు కావాలి. చక్రాలకు తొడిగే ఇనుప పట్టాలు కాల్చడానికి కట్టెలు కావాలి. ఇంతా చేసి స్వామి ఊళ్లో వీధి తిరిగి వస్తే ఏం గొప్ప, ఏటి దాకా ఊరేగి రావాలి అన్నారు. ఏటి దాకా పోవాలంటే వెడల్పాటి బాట కావాలి. బాటకు రెండు పక్కలా జనం నిలబడి చూడాలంటే ఇంకా వెడల్పు కావాలి.

ఇందులో ఎవరినీ వేలెత్తి చూపడానికి లేదు. కొమ్మలు పొయ్యిలోకి పోయాయి, ఆకులు మేకలకు పోయాయి. బీరక్క అని మేకల మందకు ఆసామి ఉండేది, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఆమె మేకలైతే ఆ ఏడు తిన్న ఆకు అరక్క పడుకొని నెమరేశాయి. నారపరెడ్డి ఇంటికి కొత్త దూలం వచ్చింది. చెట్టు కూలిన ప్రతిసారీ ఊరు గోవిందా కొట్టింది.

తేరు మాత్రం అద్భుతంగా వచ్చింది. పీఠం చుట్టూ సముద్రం దాటే హనుమంతుడు, సంజీవి మోసే హనుమంతుడు, సీతమ్మకు ఉంగరం ఇచ్చే హనుమంతుడు. ఆ ఉంగరం చెక్కడానికి ఆచారికి ఒక ఎండాకాలమంతా పట్టిందని చెబుతారు. మొదటిసారి తేరు కదిలిన రోజున ఎగువ ఊరి వాళ్లు వచ్చి మోకు పట్టారు. అప్పుడు నవ్విన పెద్దమనిషి ఆచారి చేతులు పట్టుకొని కళ్లకద్దుకున్నాడు. తేరు చెట్లు లేని బాట వెంట తిన్నగా ఏటి గట్టు దాకా పోయి, మంగళహారతి అందుకొని, వెనక్కి వచ్చింది. ఆచారి ఆ రాత్రి తేరు కొట్టంలోనే నిద్రపోయాడు.

మర్నెల ఆషాఢం వచ్చింది.

ఈ సీమలో ఆషాఢపు గాలి అంటే తెలియనివాళ్లు లేరు. పడమటి నుంచి ఏటి మీదుగా వస్తుంది, రోజుల తరబడి ఆగదు. ఆ గాలి అంతకుముందూ వీచింది. కానీ అప్పుడు గట్టు మీది చెట్లలో దూరి, గోల చేసి, ఇసుకంతా అక్కడే వదిలేసి ఊళ్లోకి చల్లగా వచ్చేది. ఇప్పుడు తేరు కోసం వేసిన బాట దానికీ బాటే అయింది. మొదటి ఏడు ముద్దలో ఇసుక తగిలితే నవ్వుకున్నారు. తేరు చూడటానికి ఏరు తానే ఊళ్లోకి వచ్చిందన్నారు. రెండో ఏడు పడమటి చేలల్లో పైరు మునిగింది. ఆ తర్వాత బావులు పూడాయి, పడమటి వీధిలో గడపలు కనిపించకుండా పోయాయి. ఇల్లు ఊడ్చిన చీపురు మూలన పెట్టేలోగా మళ్లీ ఊడ్చాల్సి వచ్చేది. స్వామి గుడి ఏటా పూడేది, ఏటా తవ్వేవాళ్లు. గుడి ముందు తవ్విన ఇసుక గుడి వెనక పోసేవాళ్లు, అంతకుమించి ఎవరికీ ఏమీ తోచలేదు. దీపానికి కానుగనూనె లేక ఆముదం తెచ్చారు. ఒక్కొక్క ఇల్లూ మూటాముల్లె సర్దుకొని తూర్పున మెరక నేలలకు వెళ్లిపోయింది.

ఎవరూ కంబగిరాచారిని ఒక్క మాట అనలేదు. అందరూ కలిసి కొట్టినవే గదా. అయినా ఎవరైనా బండి కట్టుకొని ఊరు విడిచి పోతుంటే ఆయన ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేవాడు.

చివరికి ఒక ఎండాకాలం నారపరెడ్డి మిగిలినవాళ్లను పిలిచి చెప్పేశాడు. వచ్చే ఆషాఢం లోపల ఊరు ఖాళీ చేద్దాం, స్వామిని ఎత్తుకొని పోదాం, బతికుంటే ఇంకో గుడి కట్టుకుందాం.

"మరి తేరు?" అన్నాడు ఆచారి.

తూర్పు దారి అప్పటికే మోకాలు లోతు ఇసుక. మనుషులు పోవడమే కష్టం, తేరు సంగతి చెప్పనక్కర లేదు.

ఆ మధ్యాహ్నం ఆచారి తేరు కొట్టంలో కూర్చొని గాలిని తిట్టాడు. నోటికి వచ్చినట్టల్లా తిట్టాడు. అలిసిపోయి చక్రానికి ఆనుకొని కునుకు తీశాడు. అప్పుడు కలలో ఒక కోతి కనిపించింది. తేరు ముందుకు చాచిన నొగ మీద కూర్చొని, తోక ముందుకు తెచ్చుకొని, వెంట్రుకల్లోంచి ఇసుక రేణువులు ఒక్కొక్కటే ఏరుకుంటోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమి ఆచారీ, మా నాయనను తిడతాండావంట?"

వాయుపుత్రుడు తన ముందే కూర్చున్నాడని ఆచారికి అర్థమైంది. చేతులు జోడించాడు.

"ఆయన ఈ పొద్దు కొత్తగా వీస్తాండాడా? మీ తాత పుట్టకముందు నుంచి ఇదే పని. ఆయనకు అడ్డం నిలబడినోళ్లను మీరు పడగొట్టి, ఇప్పుడు ఆయన్ను తిడితే యెట్ల?"

"తప్పయింది సామీ. నీ మీది భక్తితోనే చేసినాం."

"ఎరుగుదును. అందుకే నాకు కోపం రాలేదు. నన్ను తేరెక్కించి ఏటి గట్టుకు తోలుకపో. ఆడ నేను నిలబడతా."

"మళ్ల యెనక్కి ఎప్పుడు తోలుకరావల్ల సామీ?"

కోతి నొగ మీద నుంచి దూకి పడమరకు వెళ్లిపోయింది.

ఆచారి కల సంగతి చెబితే నారపరెడ్డి తల పట్టుకున్నాడు. "ఉండేది ఎంతమందిమి ఆచారీ? అందులో ముసలోళ్లే సగం. గట్టి నేల మీద లాగేదానికే నూర్ల మంది కావల్ల. ఈ ఇసకలో యెవరు లాగల్ల?"

"పోయినోళ్లను పిలుద్దాం. ఎగువోళ్లను, దిగువోళ్లను పిలుద్దాం."

"వాళ్లెందుకు వస్తారు?"

బీరక్క కలగజేసుకుంది. "ఎందుకు రారు రెడ్డీ? వాళ్ల ముద్దలో మాత్రం ఇసక పడల్యా? ఎగువూరోళ్లు మనకంటే ముందే చెట్లు కొట్టుకున్నారు. నేను పోయి అడుగుతా. నా నోటికి జడిసైనా వస్తారు."

జ్యేష్ఠమాసంలో ఆఖరి శనివారం నాడు జనం వచ్చారు. ఊరు విడిచి పోయినవాళ్లు వచ్చారు. ఎగువ ఊరి వాళ్లూ దిగువ ఊరి వాళ్లూ సద్దిమూటలతో వచ్చారు. అంతమందిని చూసి ఓబుళమ్మ ఏడ్చింది. ఆమె ఏడవగా ఎవరైనా చూడటం అదే మొదలు. స్వామిని గుడిలోంచి తవ్వి తీసి, నీళ్లు పోసి కడిగి, తేరు మీద కూర్చోబెట్టారు. మోకు పట్టి లాగితే తేరు కొట్టం దాటింది, వీధి దాటింది, బాట మీదికి వచ్చి చక్రాలు సగం దాకా దిగిపోయాయి. ఎంత లాగినా కదల్లేదు.

చక్రాల కింద వెయ్యడానికి చెట్టు లేదు, కొమ్మ లేదు. ఊళ్లో మిగిలిన కట్టె అంటే ముళ్ల కంపే. బీరక్క గబగబా పోయి తన మేకల దొడ్డికి కట్టిన కంపంతా పీకి చక్రాల ముందు పడేసింది. మేకలు బయటపడి చెదిరిపోయినా చూడలేదు. అది చూసి ఒకరి వెనక ఒకరు ఇళ్లకు పరుగెత్తారు. పెరటి దడులు వచ్చాయి, చేని కంచెలు వచ్చాయి. జానెడు నేల కోసం ఇద్దరు అన్నదమ్ములు ఏళ్ల తరబడి పోట్లాడుకొని మధ్యలో కంప నాటుకున్నారు. ఆ కంప కూడా ఆ పూట వచ్చేసింది, చెరో కొస పట్టుకొని వాళ్లే తెచ్చారు. కంప పరుస్తూ, లాగుతూ, ముళ్లు గుచ్చుకొని నెత్తురు కారుతూ, పొద్దు వాలేసరికి తేరును గట్టు మీదికి చేర్చారు. అక్కడ ఇరుసు కూరుకుపోయింది. ఇక ఇంచు కదిలితే ఒట్టు.

ఆచారి పార తీసుకొని తవ్వబోయాడు. ఓబుళమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఏం చేస్తాండావు?"

"ఇరుసు తీస్తా. రేపు ఎద్దులు కట్టి యెనక్కి తోలుకపోదాం."

"సామి నీకు చెప్పిందేమి? ఆడ నిలబడతా అన్నాడు. నిలబడినాడు. ఇంక పార కింద పెట్టు."

ఆయన పార కింద పెట్టాడు గానీ ఇంటికి రాలేదు. ఆమె ముద్ద అక్కడికే తీసుకుపోయింది.

ఆషాఢపు గాలి రానే వచ్చింది. జనం తలుపులు బిగించుకొని లోపల కూర్చున్నారు. తెరిపి ఇచ్చాక ఆచారి అందరికంటే ముందు గట్టుకు పరుగెత్తాడు. తేరు పడమటి పక్క ఇసుక నొగల దాకా పేరుకుని ఉంది. తేరు పొడవునా, పరిచిన కంప పొడవునా, ఒక కట్ట మాదిరి లేచింది. తూర్పు పక్క మాత్రం ఆ మేరకు నేల కనిపిస్తోంది. ఎన్నో ఏళ్ల తర్వాత కనిపించిన నేల అది. వెనకే వచ్చినవాళ్లు దాన్ని చూసి అందరూ ఒకేసారి మాట్లాడారు. తేరు ఉన్న చోట, కంప పడిన చోట ఇసుక ఆగింది. అయితే గట్టు పొడవునా కంప పరిస్తే?

ఆ మాట ఫలానా వాళ్లు అన్నారని కథలో లేదు. మా ఊళ్లో మాత్రం ఏ ఇంటివాళ్లను అడిగినా మా ముత్తాతే అన్నాడని చెబుతారు. స్వామి చెప్పించాడని అనుకుంటే గొడవే లేదు.

ఆ ఏడంతా మూడు ఊళ్ల వాళ్లూ కంప మోశారు. తేరుకు అటూ ఇటూ వరసలు వరసలుగా పాతారు. వరసల వెనక రెల్లుగడ్డి దుబ్బులు, కానుగ గింజలు, తుమ్మ గింజలు పెట్టారు. ఏట్లో చెలమలు తవ్వి, ఇంటికొక కుండ చొప్పున ఆడవాళ్లు నీళ్లు పోశారు. అయితే ఇసుక కంటే ముందు మేకలు వచ్చాయి. మొలిచిన మొక్క మొలిచినట్టే కొరికేశాయి. అన్నిటికంటే పెద్ద మంద బీరక్కది. ఊరంతా ఆమె వైపు చూసింది, అడగడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

బీరక్కే లేచి నిలబడింది. "యేమట్ల చూస్తారు? నా మేకలకు సిగ్గు లేదు, నాకుంది. ఈ చెట్లు తేరు ఎత్తు పెరిగేదాకా నా మంద గట్టు తొక్కదు. మీ మందలు తొక్కినా నేను ఊరుకోను." అని మర్నాడే మందను తోలుకొని తూర్పు గుట్టలకు వెళ్లిపోయింది. కరువు రోజులు. అందులో సగం జీవాలు మేత లేక పోయాయని చెబుతారు. గట్టు మీది మొక్కలు మాత్రం నిలిచాయి.

మరుసటి ఏడు జ్యేష్ఠం నాటికి కంప వరసలన్నీ ఇసుకలో మునిగిపోయాయి. ఇసుక కట్ట ఎత్తు పెరిగింది, మొక్కలింకా మోకాలెత్తు. ఈసారి గాలి వస్తే ఇసుక కట్ట మీదుగా దూకి మొక్కల మీదే పడుతుంది. పాత కట్ట మీద కొత్త కంప నిలబెట్టాలి. దానికి నిలువు గుంజలు కావాలి, అడ్డపట్టెలు కావాలి. చుట్టుపక్కల ఎక్కడా గుంజకు పనికొచ్చే మాను లేదు. తేరు కొట్టం వాసాలు పీకారు, చాలలేదు. నారపరెడ్డి తన ఇంటి దూలం తీయించి ఇచ్చాడు, అది ఒక మూలకే సరిపోయింది. గట్టు మీద జనం చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఆషాఢం దగ్గర పడుతోంది.

ఆ పొద్దున కంబగిరాచారి ఉలి, బాడిస, సుత్తి మూటగట్టుకొని ఇంట్లోంచి బయలుదేరాడు. ఓబుళమ్మ ఎక్కడికి అని అడగలేదు. మూట చూడగానే ఆమెకు తెలిసిపోయింది.

"నేనూ వస్తా. ఒక్కడివి పోవద్దు," అంది.

ఆయన గట్టెక్కి, స్వామి ముందు సాష్టాంగపడి, విగ్రహాన్ని రెండు చేతులా ఎత్తి ఇసుక కట్ట మీద పెట్టాడు. తర్వాత తేరెక్కి శిఖరం మేకులు ఊడదీయడం మొదలుపెట్టాడు. సుత్తి చప్పుడుకు జనం పరుగెత్తుకొచ్చారు.

"ఆచారీ! సామి తేరయ్యా అది!" అని నారపరెడ్డి కేక పెట్టాడు.

"సామి దిగినాడు రెడ్డీ. ఇప్పుడు ఇది కట్టె."

"నీ చేతులతో చేసినావు గదయ్యా!"

"అందుకే నేనే ఇప్పల్ల. ఇంకొకరు ఇప్పితే పగలగొడతారు."

శిఖరం దిగింది. స్తంభాలు దిగాయి, అవి గుంజలయ్యాయి. పీఠం చుట్టూ ఉన్న చెక్కడపు పలకలు ఒక్కొక్కటే ఊడదీసి అందిస్తుంటే కింద తీసుకునేవాళ్లు కళ్లు తుడుచుకుంటూ తీసుకున్నారు. సముద్రం దాటే హనుమంతుణ్ణి అడ్డపట్టెగా కట్టారు. సంజీవి కొండను ఇంకో చోట కట్టారు. ఉంగరం ఇచ్చే పలక చేతికి వచ్చినప్పుడు ఆచారి ఆగిపోయాడు. దాని మీద ఇసుక తుడిచాడు, మళ్లీ తుడిచాడు. ఎవరూ తొందర పెట్టలేదు. ఎగువ ఊరి పెద్దమనిషి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఆ ఒక్కటి ఇంట్లో పెట్టుకో ఆచారీ. అది లేకపోతే పోయేదేమీ లేదు."

"ఆ సందులోంచి గాలి దూరుతుంది," అని ఆచారి పలక అందించాడు.

ఇరుసూ చక్రాలూ ఇసుకలో కూరుకుపోయి ఉన్నాయి కాబట్టి వాటిని కదిలించలేదు. కొత్త కట్టకు అవే పునాది అయ్యాయి. ఆ ఆషాఢంలో గాలి మునుపెన్నడూ లేనంతగా వీచింది. ఇసుక చెక్కడపు పలకల దాకా లేచి, వాటిని కప్పేసి, అక్కడే ఆగింది. అవతల మొక్కలు తలలు ఊపుకుంటూ నిలబడ్డాయి.

ఆ తర్వాత వెళ్లినవాళ్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. బావులు తోడుకున్నారు, దిన్నె మీద స్వామి నిలబడ్డ చోటే మండపం కట్టారు. చెట్లు ఏటికేడాది పెరిగాయి. బీరక్క మందను వెనక్కి తోలుకొచ్చిన రోజున ఊరంతా ఎదురెళ్లి మేళంతో తీసుకొచ్చింది. మేకలు బెదిరి మళ్లీ చెదిరిపోయాయని కూడా కథలో ఉంది.

కంబగిరాచారి ముసలివాడయ్యాక నారపరెడ్డి ఒకనాడు పదిమందినీ వెంటబెట్టుకొని ఆయన ఇంటికి వచ్చాడు. తుమ్మలు చేవ దేరాయి, వేపలు ఎదిగాయి. ఊరి మనసులో చాలా కాలంగా ఉన్న మాట ఆయన నోట వచ్చింది.

"ఆచారీ, దిన్నె తవ్వి చక్రాలు తీస్తాం. మాను ఇస్తాం. నీ కొడుకులు పని ఎరిగినోళ్లు. నువ్వు దగ్గరుండి చెప్పు, చాలు. నీ తేరు మళ్ల ఇంటికి తోలుకపోదాం."

ఆ మాట కోసం ఆయన ఎన్నేళ్లు ఎదురుచూశాడో ఓబుళమ్మకు తెలుసు. నిద్రలో ఆయన చేతులు ఉలి పట్టినట్టు కదలడం ఆమె చూసేది. ఆచారి కర్ర ఊతంగా వాకిట్లోకి వచ్చి పడమరకు ముఖం పెట్టాడు. కానుగల మీద నుంచి గాలి చల్లగా వచ్చి తగిలింది.

"వద్దులే రెడ్డీ. గాలి ఇంకా ఉంది గదా. ఉండనీ," అన్నాడు.

కానుగలపాడు అప్పటి నుంచి తేరుదిన్నె అయింది. అప్పటి నుంచి ఇక్కడ చెక్కడాల తేరు లేదు. జ్యేష్ఠం ఆఖరి శనివారం నాడు రెండు చక్రాల మీద కంప మోపులు పేర్చి, పసుపు నీళ్లు చల్లి, మూడు ఊళ్ల వాళ్లూ మోకు పట్టి దిన్నె దాకా లాగుతారు. దీన్నే కంపతేరు అంటారు. ఆ కంప దిన్నె మీద పరుస్తారు, చక్రాలు అక్కడే వదిలేస్తారు, మరుసటి ఏడుకు కొత్తవి చేస్తారు. ఆ వేడుకకు ముందు ప్రతి ఇంటివాళ్లూ తమ దడి నుంచి ఒక కంప పీకి ఇవ్వాలి. పొలం గట్టు తగాదాలున్నవాళ్లు చెరో కొస పట్టుకొని ఒకే కంప తెస్తే ఆ తగాదా ఏడాది తిరగకుండా తీరుతుందని నమ్మకం. చాలా తీరాయి కూడా. సంతానం లేనివాళ్లు వర్షాకాలంలో వచ్చి కానుగ మొక్క నాటి, కుండెడు నీళ్లు పోసి మొక్కుకుంటారు. పిల్లలు పుట్టాక ఆ చెట్టు చూపించడానికి మళ్లీ తీసుకొస్తారు. గట్టు మీదికి ఇప్పటికీ మేకలు రావు, ఇసుక కోసం ట్రాక్టర్లూ రావు. ఒకటి రెండుసార్లు వచ్చాయి గానీ ఊరి ఆడవాళ్లు కంప పట్టుకొని దారికి అడ్డంగా కూర్చునేసరికి మర్యాదగా తిరిగిపోయాయి.

కంప దించే ముందు ఒక ఆనవాయితీ ఉంది. ఊరిపెద్ద ముందుకు వచ్చి, కంబగిరాచారి వంశంలోని పెద్దను అందరూ వినేలా అడుగుతాడు. "ఆచారీ, తేరు ఇంటికి తోలుకపోతావా?" ఆయన చెప్పేదాకా ఎవరూ చేతిలో కంప దించకూడదు, ఎంత ముల్లు గుచ్చుకున్నా సరే.

ఇప్పుడు ఆ వంశంలో పెద్ద వీరాచారి. పట్నంలో తలుపులూ కిటికీలూ చేసే దుకాణంలో పని. పూజగదుల తలుపుల మీద ఆయన చేసే చెక్కడం చూడటానికి దూరం నుంచి వస్తారట. పోయినేడు ఊరిపెద్ద అడిగినప్పుడు ఆయన కాళ్ల కింద దిన్నెను చూస్తూ ఉండిపోయాడు. లోపల ఎక్కడో తన ముత్తాతల నాటి పలక ఉంది, దాని మీద ఉంగరం ఉంది. ఉలి పట్టిన చెయ్యి గదా, ఒక్కసారి చూడాలని ఉండదా? జనం కంపలు పట్టుకొని అలాగే నిలబడ్డారు, ఎవరూ తొందర పెట్టలేదు. కాసేపటికి ఆయన తల ఎత్తి, ఏటి మీద నుంచి వస్తున్న గాలికి కళ్లు చికిలించి, గొంతు సవరించుకున్నాడు.

"వద్దులేప్పా. గాలి ఇంకా ఉంది. ఉండనీ."

అప్పుడు అందరూ కంపలు దించారు.